ఎంగిలి లేని సన్నాయి

మొన్న తెనాలిలో కొందరు పెద్దలు మా ఇంటికొచ్చి, సర్వమత సంగీత సభ పెడుతున్నామనీ, శాంతి, సమైక్యతల గురించి నన్ను నాలుగు మాటలు చెప్పమనీ అడిగారు. కీర్తన, ఖవాలీ, క్రైస్తవ గీతం ఒకే వేదిక మీదట. నవలలు రాసే ఆడవాళ్ళు శాంతి గురించి ఎప్పుడడిగినా మాట్లాడతారని ఓ నమ్మకం కాబోలు! సరేనన్నాను. అన్న దగ్గర్నుంచీ ఒక అరిటాకు నన్ను వదలడం లేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు బాపట్లలో, మా అమ్మమ్మగారింట్లో పిన్ని పెళ్ళి. చిలకలూరిపేట వైపు నుంచి సన్నాయి మేళం వచ్చింది. మేళానికి పెద్ద ఒక సాయిబుగారు. మన వైపువాళ్ళకి ఇందులో వింతేం లేదు. అక్కడి ముస్లిం కుటుంబాలు తరతరాలుగా దేవుడి కళ్యాణాలకీ, మనుషుల కళ్యాణాలకీ వాయిస్తూనే ఉన్నాయి.

అమ్మమ్మకి మడి ఎక్కువ. ఎంగిలి పట్టింపు మరీ ఎక్కువ. గ్లాసు అంచుకి పెదవి తగిలిందో, ఆ గ్లాసు బయటికే! అలాంటి మనిషి, సాయిబుగారు సన్నాయి పీకని నాలుకతో తడిపి, బుగ్గలు పూరించి గట్టిమేళం అందుకోగానే కళ్ళు తుడుచుకుంది. ఆ ఊపిరి లేకుండా మంగళసూత్రం పడదు మరి. అప్పుడు ఎంగిలి మాటే రాలేదు.

భోజనాల దగ్గర వచ్చింది. పంక్తులన్నీ లేచాక, మేళం వాళ్ళకి దొడ్లో బావి పక్కన ఆకులు వేశారు. "వాళ్ళు మనతో ఎందుకు తినకూడదు, అమ్మమ్మా?" అన్నాను. "ఎవరి మర్యాద వాళ్ళకుంటుందే. పద, పద" అంది. సాయిబుగారు విన్నారు. నావంక చూసి నవ్వి, "మాకిక్కడే చల్లగా ఉంది, పాపా" అన్నారు. మా ఇంటి మర్యాద కాపాడింది అమ్మమ్మో, ఆయనో నాకిప్పటికీ అంతుపట్టదు.

షేక్ చినమౌలానా గారు ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టారు. తమిళ దేశం వెళ్ళి, అక్కడి బాణీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ 'సంగీత కళానిధి' ఇచ్చింది. పొన్నెకల్లు షేక్ నాజర్ గారు బుర్రకథ చెబితే ఊళ్ళకి ఊళ్ళు కదిలి వచ్చేవి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి, పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అంటే ఎవరూ సభ పెట్టకముందే సంగీతం కలిసిపోయింది. కలవనిదల్లా ఆకులే.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. సన్నాయికి కళ్ళు తుడుచుకున్నాం కదా, మనం మంచివాళ్ళమే అన్న తృప్తితోనే మనం ఆ ఆకు దొడ్లో వేయగలిగామేమో. పాట మనసుని కరిగిస్తుంది, నిజమే. కరిగిన మనసు మళ్ళీ గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుంది? మా ఇంట్లో భోజనాల వేళ దాకా పట్టింది.

ఈ బాధంతా వెళ్ళబోసుకుందామని రేపల్లె రైలెక్కాను. అమ్మ ఉండేది అక్కడే. వేమూరు, భట్టిప్రోలు దాటేదాకా అమ్మమ్మ మీద నేరారోపణ సిద్ధం చేసుకుంటూనే ఉన్నాను. అమ్మ బియ్యం చెరుగుతూ అంతా విని, "అమ్మమ్మనొక్కదాన్నే అంటావేం? ఆ ఆకులు వేసింది నేనేగా. నాకేం తప్పుగా తోచలేదు" అంది. నాకు నోట మాట రాలేదు. కాసేపాగి తనే, "అయినా ఆ సన్నాయి అంత బాగా వాయించబట్టే కదుటే, నువ్వు వాళ్ళెక్కడ తింటున్నారో చూశావు? వంటవాళ్ళెక్కడ తిన్నారో నీకు గుర్తుందా?" అంది.

గుర్తులేదు. ఇప్పటికీ గుర్తురావడం లేదు.

ఇంటికొచ్చి సభవారికి ఫోను చేశాను. కళాకారుల భోజనం సంగతేమిటన్నాను. "ప్యాకెట్లు ఇచ్చి పంపేస్తామండీ. అతిథులకి బఫే. మీరేం కంగారుపడకండి, మీరు అతిథుల్లోనే" అన్నారు. అందరికీ కలిపి ఒకే పంక్తి వేయించండి, వంటవాళ్ళని కూడా కూర్చోబెడదాం, వడ్డన నేను చూసుకుంటానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు.

కమిటీలో అడిగి చెబుతామన్నారు.