నోట్లో నానిన నువ్వుగింజ

ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదంటారు. కర్ణుడి పుట్టుక సంగతి కుంతి అన్నాళ్ళు కడుపులో దాచుకుందని ధర్మరాజు మండిపడి, ఆడజాతి మొత్తానికి శాపం పెట్టాడట. తల్లి మీద కోపం మన మీద తీర్చుకోవడం ఏం ధర్మమో గానీ, తెలిసినది చెప్పకుండా ఊరుకోవడం మంచిదా, అదీ అబద్ధంలో సగమేనా అన్న ప్రశ్న మాత్రం ఈమధ్య ఒక పువ్వు మూలంగా నన్ను వదలడం లేదు.

దాని పేరు ఘోస్ట్ ఆర్కిడ్. దెయ్యప్పువ్వు అనుకోండి. యూరప్ నుంచి మన హిమాలయాల మీదుగా జపాన్ దాకా, చల్లని కొండ అడవుల్లో, పట్టపగలు కూడా మసకగా ఉండేచోట పూస్తుంది. జానెడు ఎత్తుంటే గొప్ప. ఆకుల్లేవు, పచ్చదనం లేదు. పాలిపోయిన కాడకి రెండో మూడో పువ్వులు, లేత పసుపులో కాస్త గులాబి ఛాయ. ఆకే లేనిదానికి అన్నం వండిపెట్టేదెవరంటారా? అడవి మట్టిలో చెట్ల వేళ్ళని అల్లుకుని ఒకరకం బూజు ఉంటుంది. చెట్టు దగ్గర బూజు తింటుంది, బూజు దగ్గర ఇది తింటుంది. అసలు ఆర్కిడ్ గింజ ముందు మన నువ్వుగింజ గుమ్మడికాయే! ధూళిలా ఉండే ఆ గింజలో తిండి నిలవ ఉండదు. బూజు ఆదుకుంటేనే మొలక. మొలిచాక కూడా ఏళ్ళ తరబడి మట్టిలోనే ఉండిపోయి, ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు తల ఎత్తుతుంది.

ఇంగ్లండులో దీన్ని మొదట 1854లో చూశారు. 1986 తరవాత ఎవరికీ కనిపించకపోయేసరికి, ఇక పోయిందనుకున్నారు. 2009లో ఒక్క మొక్క కనిపించింది. మళ్ళీ 2024లో. ఈసారి చూసినాయన ఫొటో చూపించాడు గానీ, చోటు చెప్పలేదు. చెబితే పిచ్చి అభిమానులు తవ్వుకుపోతారని, తవ్వనివాళ్ళు చూడ్డానికొచ్చి ఆ మట్టి తొక్కేస్తారని భయం. తవ్వినా వాళ్ళకి దక్కదు. కుండీలోకి మొక్కని తేగలరు గానీ, ఆ బూజునీ ఆ చెట్టునీ తేలేరుగా!

భారతంలో కౌశికుడని ఒక ముని ఉన్నాడు. సత్యమే చెబుతానని వ్రతం పట్టాడు. దొంగలకి భయపడి కొందరు అడవిలో దాక్కుంటే, తరుముకొచ్చిన దొంగలకి ఆ చోటు చెప్పేశాడు. దొంగలు వాళ్ళని చంపేశారు. ఆయన నరకానికి పోయాడు. అర్జునుడికి ఈ కథ చెప్పినవాడు సాక్షాత్తూ కృష్ణుడు.

అంతటితో తేలిపోయిందనుకుంటే నాకింకో అనుమానం. దాచడంలో కూడా ఒక తీపి ఉంది. మాగాయ పెట్టే విధం అడిగితే అంతా చెప్పి, ఒక్క దినుసు మింగేసే ఇల్లాళ్ళు మనకి తెలియనివాళ్ళా? పువ్వుని కాపాడుతున్నానంటూ 'నాకొక్కడికే తెలుసు' అని మురిసిపోయే మనిషి, తవ్వుకుపోయేవాడికి మరీ దూరపు చుట్టమేం కాదు. పైగా ఎవరికీ తెలియని మొక్కని కలప కోసం వచ్చినవాడు తెలియకుండానే చంపేస్తాడు. కనక ఆ అడవి కాసేవాళ్ళకి చెప్పాలి, నాలాంటివాళ్ళకి అక్కర్లేదు అంటాను.

మావారు ఇదంతా విని, "చోటు తెలిస్తే నువ్వు మాత్రం వెళ్ళవూ?" అన్నారు.

వెళ్తాను. పక్కింటి పిన్నిగారిని కూడా తీసుకెళ్తాను. అందుకే ఆయన చెప్పకపోవడం మంచిదైందంటున్నాను.