ఎవరి బాధ మనది?

మతవిశ్వాసం కారణంగా హింసపడేవాడికి తోడు నిలవడం నాస్తికుడి బాధ్యత అవుతుందా? ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో తగలలేదు. దివిసీమనుంచి వచ్చి బందరులో చదువుకున్న నా శిష్యుడొకడు చందా పుస్తకం పట్టుకుని ఇంటికి వచ్చిన రోజున ఎదురైంది. విదేశాల్లో హింసకు గురవుతున్న క్రైస్తవులకు అండగా ఒక విద్యార్థి బృందం వెళుతోందట. అందులో తనూ వున్నాడు.

నాకు వెంటనే తోచిన సమాధానం మనలో అందరికీ అలవాటైనదే. మిషనరీ సామ్రాజ్యవాదానికి బంటు. ఊళ్లోని బాధలు చాలక సముద్రాలు దాటాలా? ఇందులో సగం నిజం వుంది. కాని వియత్నాం కోసం ఊరేగింపులు తీసిన రోజుల్లో మనకు దూరం అడ్డురాలేదు. పాలస్తీనా విషయంలో నేటికీ రాదు. 2014లో ఐసిస్ మూకలు మోసుల్ క్రైస్తవులను ఇళ్లనుంచి తరిమాయి. 2023 ఆగస్టులో పాకిస్తాన్ పంజాబులోని జరాన్‌వాలాలో చర్చీలను, ఇళ్లను తగలబెట్టారు. ఆ పంజాబు క్రైస్తవుల్లో ఎక్కువమంది అంటరాని కులంనుంచి వచ్చినవాళ్లు. వీధులు వూడ్చే పని నేటికీ చాలావరకు వాళ్లమీదే వుంది. వాళ్ల బాధ మనది కాకపోతే మరెవరి బాధ మనది?

మనం కప్పిపుచ్చుకోరాని సంగతి మరొకటి వుంది. 1937-38లో సోవియట్ ప్రభుత్వం వేలాది మతాచార్యులను కాల్చి చంపింది. వాళ్ల నమ్మకం తప్పని మనం అనుకోవచ్చు. కాని తప్పుగా నమ్మే హక్కు లేనిచోట సరిగ్గా ఆలోచించే హక్కుకూడా నిలవదు. నాస్తిక భావాలు ప్రకటించి 1933లో కాకినాడలో ఉద్యోగం పోగొట్టుకున్న గోరా ఆ తర్వాత బందరు హిందూ కళాశాలలో పాఠాలు చెప్పారు. ఆయనకు మనం కోరే స్వేచ్ఛ, భక్తుడికి కోరే స్వేచ్ఛ వేరువేరు కావు.

ఐతే ఈ పరీక్షలో మిషను గెలిచిందా? కేంబ్రిడ్జిలో చదివిన రాబర్ట్ నోబుల్ 1841లో బందరు వచ్చి 1843లో బడి పెట్టాడు. 1852లో ఆ బడి విద్యార్థులిద్దరు, ఒక బ్రాహ్మణుడూ ఒక వెలమా, బాప్తిస్మం పుచ్చుకుంటే జనం మిషను ఇంటిని చుట్టుముట్టారు. బడి ఖాళీ అయింది. ఆ ఇద్దరి అంతరాత్మకోసం ఊరినెదిరించిన నోబులే మాల మాదిగ పిల్లలను మాత్రం బడి గడప తొక్కనివ్వలేదు. ఈ కథంతా శిష్యుడికి చెప్పి, వాదంలో గెలిచాననుకున్నాను.

అతను మెల్లగా అన్నాడు: "మాస్టారూ, నా కులం సర్టిఫికెట్లో ఏముందో మీకు తెలుసుగదండీ. అక్కడివాళ్లు ప్రాణం పోతుందని తెలిసికూడా మేం ఫలానా అంటున్నారు. నేను సీటుకోసం అనలేకపోయాను. వాళ్ల ముఖం చూడాలనే పోతున్నానండీ."

తెలుసు. తాతలనాటినుంచి చర్చికి పోయే కుటుంబం; కాగితంమీద హిందువులు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవుడైన దళితుడు మన రాష్ట్రంలో బి.సి.-సి జాబితాలోకి పోతాడు. అలాంటివాడు అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కోరజాలడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. మతం మార్చుకున్నంత మాత్రాన మనిషి నివసించే పల్లె మారదు. ఊరివాళ్లు పిలిచే పిలుపూ మారదు. రక్షణ మాత్రం పోతుంది.

గుడివాడలో, బందరులో పాఠాలు చెప్పిన ఇన్నేళ్లలో ఇలాంటి కాగితాలు ఎన్నో నా చేతులమీదుగా పోయాయి. అందరికీ తెలిసిన రహస్యమేనని నవ్వి ఊరుకున్నాను. ఇల్లు తగలబెట్టడమూ, సీటు పోతుందని భయపెట్టడమూ ఒకటి కావు; ఒకటేననడం ఇళ్లు కాలినవాళ్లను అవమానించడం. కాని బతకాలంటే నీ నమ్మకం దాచుకోమనడం రెండుచోట్లా వున్నదే. దూరాన వున్న బలవంతాన్ని గుర్తించి, నా సంతకంకింద జరిగినదాన్ని సర్దుబాటు అనుకోవడం నా తప్పు.

చందా రాశాను. ఒక్కమాట అడిగాను: పాకిస్తాన్ 1974లో రాజ్యాంగం సవరించి ముస్లిములు కారని ప్రకటించిన అహ్మదీయుల గురించికూడా మీ బృందం మాట్లాడుతుందా? తనవాడికోసం మాత్రమే కరిగే గుండెలో కులాభిమానం పాలు ఎక్కువ. అతను తలవూపి, "మాట్లాడిస్తానండీ. మరి ఇక్కడ మాకోసం మీరు మాట్లాడతారా?" అన్నాడు.

అది న్యాయమైన ప్రశ్న. మూడో పేరా తొలగించాలని 2007లోనే రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. 2023లో మన శాసనసభ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కోరుతూ తీర్మానించింది. దేవుణ్ణి నమ్మని మనం ఈ కోరికను మన కోరికగా చేసుకుని, కళాశాలల్లో, సంఘాల్లో బహిరంగంగా చర్చకు పెట్టాలి. అతను తిరిగివచ్చేలోపు నేను చెయ్యవలసిన పని అది.