వేలు ఒప్పుకున్నంత దూరం

ఆదివారం పూట అబిడ్స్‌లో పెద్ద దుకాణాల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పోటీపరీక్షల గైడ్లు, డిక్షనరీలు, ఇంగ్లీషు నవలల మధ్య ఎప్పుడైనా ఒక వేట పుస్తకం కనిపిస్తుంది. లోపలి ఫొటోల్లో చచ్చిన పులి, దాని పక్కన తుపాకీ పట్టుకున్న దొర. వెనకాల మసకగా తలపాగాలు చుట్టుకున్న నలుగురైదుగురు. దొర పేరుంటుంది, తుపాకీ పేరుంటుంది, పులి పొడవు అంగుళాలతో సహా ఉంటుంది. ఆ నలుగురైదుగురి పేర్లు మాత్రం ఉండవు. డప్పులు కొట్టి, కేకలు పెట్టి, పులిని మంచె దాకా తోలింది వాళ్ళే. 1902లో వైస్రాయి కర్జన్ భార్యతో కలిసి వరంగల్ వైపు నెక్కొండ అడవిలో చచ్చిన పులి దగ్గర నిలబడి ఫొటో దిగాడు. తీసింది రాజా దీన్‌దయాళ్ స్టూడియో. ఆ ఫొటో ఇప్పటికీ పుస్తకాల్లో తిరుగుతూనే ఉంది.

ఇలాంటివి చూసినప్పుడు నగరంలో చదువుకునే మన పిల్లలు ఒక మాట అంటారు. "వాళ్ళు సరదాకి చంపారు, మనం తిండికి చంపాం." ఈ మాట చాలా సభల్లో విన్నాను. అబద్ధం కాదు. కానీ అంతటితో తృప్తి పడటం నాకు చేతకాలేదు. బాణం దిగిన దుప్పికి మన ఆకలి సంగతి తెలియదు. పైగా తిండి కోసమే అనే మాట కూడా పూర్తిగా నిలవదు. 1940లో నల్లమల చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం అచ్చువేసిన హైమన్‌డార్ఫ్ రాసింది చదివితే, వాళ్ళ కడుపు నింపింది ఎక్కువగా ఆడవాళ్ళూ మగవాళ్ళూ తవ్వి తెచ్చిన గడ్డలే. మాంసం దొరికిన రోజు దొరికినట్టు. మరి దొరకని రోజుల్లో కూడా విల్లు భుజాన ఎందుకుంది? పండగ వేటకు ఎందుకు పోయాం? ఆకలి ఒక్కటే చంపే హక్కు ఇస్తే, కడుపు నిండినవాడు విల్లు ముట్టుకోకూడదు. మన పెద్దలు అలా అనుకోలేదు. వాళ్ళు హక్కును ఇంకోచోట వెతికారని నా అనుమానం. ఆ చోటు కుడిచేతి వేళ్ళు.

ఎందుకంటున్నానో చెప్పాలంటే విల్లు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఈ పుస్తకం చదివే పిల్లల్లో చాలామంది విల్లును వేదిక మీదే చూసి ఉంటారు. భద్రాచలం ఏజెన్సీలో విల్లు వెదురుది. నారి కూడా వెదురు బద్దే, సన్నగా చీల్చి గీసింది. అది నూలుతాడులా మెత్తగా వేలి చుట్టూ వంగదు. పెద్ద జంతువుకు పనికొచ్చే విల్లును నిండా లాగితే ఇరవై కిలోలకు పైగా బరువు రెండు మూడు వేళ్ళ మొదటి కణుపుల మీద పడుతుంది. కొత్తగా లాగేవాడికి మొదటి నాలుగు రోజులు వేళ్ళు కందిపోతాయి, ఆపైన బొబ్బలు. బొబ్బ చితికిన వేలితో నారి పట్టుకుంటే ప్రాణం జివ్వుమంటుంది. కొన్ని వారాలకు కాయ కడుతుంది. కాయ మరీ మందమైతే నారి దానికి తట్టుకుని బాణం పక్కకు పోతుంది, అందుకని దాన్ని రాయి మీద రుద్ది సమం చేసుకోవాలి. ఒక రోజున ఎక్కువ లాగితే వేలి కొస తిమ్మిరెక్కి ఏమీ తెలియకుండా పోతుంది. అప్పుడు ఆపాలి. ఆపకపోతే ఆ తిమ్మిరి వారాల తరబడి ఉండిపోతుంది.

వేలికీ గురికీ ఉన్న చుట్టరికం ఏమిటంటే, నొప్పికి జంకిన వేలు నిండా లాగకముందే నారిని వదిలేస్తుంది. లేదా వదిలేటప్పుడు పక్కకు గుంజుతుంది. కుడిచేత్తో లాగేవాడి బాణం అప్పుడు ఎడమకు పోతుంది. చెట్టు మొద్దు మీదైతే జానెడు తేడా వస్తే నవ్వి ఊరుకుంటాం. కణుజు మీద ఆ జానెడు తేడా అంటే ఊపిరితిత్తికి బదులు పొట్ట. తుపాకీ గుండు దెబ్బతో కూలుస్తుంది. బాణం అలా కాదు, కోసి నెత్తురు కార్చి చంపుతుంది. ములికి పదునుగా ఉండి భుజం వెనక పక్కటెముకల మధ్య దిగితే జంతువు కాసేపట్లో పడిపోతుంది. పొట్టలో దిగితే రాత్రంతా, ఒక్కోసారి మర్నాడు కూడా, పొదల్లో పడి చస్తుంది. వేటగాడికి దొరకదు కూడా. అందుకే తెలిసినవాళ్ళు బాణం తగలగానే పరిగెత్తరు. కూర్చుని ఆగుతారు, తర్వాత నెత్తుటి చుక్కలు పట్టుకుని పోతారు.

కాబట్టి పదిహేను ఇరవై అడుగులు వేసేంత దూరం దాటితే మంచి విలుకాడు బాణం వదలడు. ఆ దూరాన్ని నిర్ణయించింది చట్టం కాదు, వేలు. ఈరోజు ఎన్ని బాణాలకు వేలు ఒప్పుకుంటుంది, ఏ బరువుకు వణకకుండా నిలుస్తుంది, ఆ లెక్క వాడికి తెలుసు. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో విల్లుతో జింకను వేటాడాలంటే అది కనీసం 40 పౌండ్ల బరువు లాగేదై ఉండాలని రూలు రాశారు. తేలిక విల్లుతో కొడితే జంతువు గాయంతో పారిపోతుంది కాబట్టి. వాళ్ళు కాగితం మీద రాసుకున్న ఆ రూలు మన దగ్గర ఒంట్లో ఉండేది. ఒంట్లో ఎంతగా ఉండగలదో చెప్పడానికి ఇంగ్లండులో ఒక సాక్ష్యం ఉంది. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే యుద్ధ ఓడను పైకి తీసినప్పుడు విల్లులతో పాటు మనుషుల ఎముకలూ దొరికాయి. చిన్నప్పటి నుంచి బరువు విల్లు లాగిన కొందరి భుజం ఎముకలే మారిపోయినట్టు కనిపించాయి.

నేను చెప్పదలచింది ఇదే. వేటకు ముందు నెలల తరబడి వేళ్ళు చీల్చుకుని చేసే సాధన బలం చూపించుకోవడానికి కాదు. అది ఇంకా కనపడని జంతువుకు మనిషి ముందుగా కట్టే బాకీ. ఆ బాకీ కట్టనివాడు ఎంత ఆకలితో ఉన్నా బాణం వదలకూడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి, లేకపోతే మనల్ని మనం పొగుడుకున్నట్టవుతుంది. విల్లు తుపాకీ కంటే దయగలది కాదు. సరిగ్గా గురిచూసిన తుపాకీ గుండు బాణం కంటే తొందరగా చంపుతుంది. మన వేటలో గాయపడి తప్పించుకున్న జంతువులు ఎన్నో ఉంటాయి, వాటి లెక్క ఎవరూ రాయలేదు. విశాఖ ఏజెన్సీలో చైత్రంలో ఇటుకల పండగకు మగవాళ్ళు వేటకు పోతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాణ్ణి ఆడవాళ్ళు దారికాచి ఆటపట్టిస్తారు. నవ్వుల పండగే. కానీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి వదినలూ మరదళ్ళూ నవ్వుతారన్న భయం పట్టుకుంటే, వేలు వద్దన్న దూరంలో కూడా బాణం వదులుతాడు. కాబట్టి మన ఆచారంలోనే రెండు గొంతులున్నాయి. ఒకటి ఆగమంటుంది, ఇంకొకటి ఏదో ఒకటి తెమ్మంటుంది. మొదటిదాన్నే సంస్కృతి అని పిల్లలకు చెప్పి రెండోదాన్ని దాచడం నాకిష్టం లేదు.

వేళ్ళ మాట వచ్చింది కాబట్టి ఏకలవ్యుణ్ణి తలవకుండా ముందుకు పోలేం. 1997-98 నుంచి కేంద్రం మన పిల్లలకు పెట్టిన గురుకులాలకు ఆయన పేరే పెట్టారు. 2011 జనవరి 5న సుప్రీంకోర్టు, మహారాష్ట్రలో ఒక భిల్లు మహిళకు జరిగిన అన్యాయం మీద తీర్పు చెబుతూ, ద్రోణుడు బొటనవేలు అడగడం సిగ్గుచేటని రాసింది. సంతోషం. కానీ వ్యాసభారతం ఆదిపర్వంలో ఆ తర్వాతి మాటను ఎవరూ పట్టించుకోరు. బొటనవేలు పోయాక ఏకలవ్యుడు మిగిలిన వేళ్ళతో నారి లాగాడట, మునుపటి వేగం లేదట. అంటే విల్లు మానలేదు. బొటనవేలితో లాగడం రాజుల, గుర్రపు సైన్యాల పద్ధతి. నాంపల్లి నుంచి మూసీ దాటి సాలార్‌జంగ్ మ్యూజియానికి పోతే షాజహాన్ పేరు చెక్కిన జేడ్ రాయి ఉంగరం ఉంది. నారి కోయకుండా బొటనవేలికి తొడిగేది. పచ్చగా, నునుపుగా, చూడముచ్చటగా ఉంటుంది. దాన్ని చూస్తూ నేను అనుకున్నది, ఏకలవ్యుడు మిగిలిన వేళ్ళతో లాగిన ఆ తీరే కదా మన ఊళ్ళ తీరు, ఉంగరం లేదు, తొడుగు లేదు. (ఆ కథలో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇంకొకటుంది. మొరిగినందుకు కుక్క నోట్లోకి ఏడు బాణాలు కొట్టడం. అడవి మనిషి ఒక కుక్క మీద ఏడు బాణాలు ఖర్చు పెట్టడు. ఆ ముక్క రాసినవాడికి బాణం చెక్కడం ఎంత పనో తెలిసి ఉండదు.)

ఇప్పుడు అసలు చిక్కు. విల్లు మన చేతుల్లోంచి జారిపోయింది, వేట మాత్రం పూర్తిగా ఆగలేదు. దాని చోట్లోకి కరెంటు తీగ వచ్చింది. సాయంత్రం లైనుకు కొక్కెం తగిలించి, చేను గట్టున బైండింగు వైరు పరిచి, ఇంటికి పోయి పడుకుంటారు. పంది కోసం పెట్టిన ఆ తీగకు దుప్పులు చచ్చాయి, పులులు చచ్చాయి, తెల్లారగట్ల చేనుకు పోయిన మనుషులూ చచ్చారు. ఇది మనవాళ్ళే చేస్తున్నారని అనడం లేదు. మనవాళ్ళు చేయడం లేదని కూడా అనలేను. తీగకు దూరం లేదు, లెక్క లేదు, చిన్నదీ పెద్దదీ తేడా లేదు. పెట్టినవాడు ఏ జంతువునూ చూడడు. వాడి వేలికి ఏమీ కాదు. అబిడ్స్ పుస్తకంలో దొర కనీసం పులిని కళ్ళతో చూశాడు.

చట్టం ముందు వీళ్ళందరూ ఒకటే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణ తర్వాత వేటకు దాదాపు అన్ని దారులూ మూసేసింది. మన చరిత్రకు జరిగిన అన్యాయాన్ని సరిచేస్తున్నామని చెప్పి తెచ్చిన 2006 అటవీహక్కుల చట్టం కూడా, సెక్షన్ 3(1)(ఎల్) దగ్గర ఇతర సంప్రదాయ హక్కులన్నిటినీ ఒప్పుకుంటూ వేటాడే, ఉచ్చువేసే హక్కును మాత్రం తీసి పక్కన పెట్టింది. ఆ హక్కు తిరిగి ఇమ్మని నేను అడగను. అడవి మునుపటి అడవి కాదు. బాకీ కట్టినవాడికి కూడా తీసుకోవడానికి అక్కడ మిగిలింది కొంచెమే. కానీ ఒక సంగతి గొంతులో అడ్డుపడుతుంది. తెలంగాణలో పంట పాడుచేసే అడవిపందిని చంపడానికి అనుమతిచ్చే అధికారం సర్పంచులకు ఇచ్చారు. చంపేది లైసెన్సు తుపాకీ ఉన్న షూటరు. నేర్పు కొనుక్కొచ్చుకోవచ్చు, అది ఊళ్ళోదై ఉండకూడదు అన్నట్టుంది వ్యవహారం.

అందుకని విల్లు ఇప్పుడు రెండు చోట్ల మిగిలింది. ఒకటి వేదిక. ఆగస్టు 9న నాంపల్లి చుట్టుపక్కల ఏ ఆడిటోరియంలో చూసినా కొమ్ములు, డోళ్ళు, చేతుల్లో విల్లులు. రంగుకాగితం చుట్టిన ఆ విల్లుల్లో చాలావాటికి నారి వదులుగా వేలాడుతుంటుంది. లాగితే విరుగుతాయి. నృత్యం గొప్పదే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. లాగలేని విల్లును మన గుర్తుగా పైకెత్తి ఫొటో దిగడం మీదే ఉంది. రెండో చోటు మైదానం. రాజస్థాన్ గిరిజన కుర్రాడు లింబారామ్ వెదురు విల్లుతో మొదలుపెట్టి, 1992లో బీజింగ్ ఆసియా పోటీల్లో ప్రపంచ రికార్డును సమం చేశాడు. మన పిల్లలు ఆ దారిలో పోవాలని నా కోరిక. అక్కడ వేళ్ళకు తోలు తొడుగు వేసుకుంటారు, వేసుకోవాలి కూడా. రోజుకు వందల బాణాలు వేసేవాడు ఉత్త వేళ్ళతో నిలవలేడు. లక్ష్యం కాగితం, కాగితానికి నొప్పి లేదు, కాబట్టి అక్కడ నొప్పి ఓర్చుకోవడంలో నీతి ఏమీ లేదు.

మరి వేట లేనప్పుడు, పోటీకి పోనివాడు బరువు విల్లును ఉత్త వేళ్ళతో ఎందుకు లాగాలి? మా హాస్టల్లో పదో తరగతి పిల్లవాడు ఇదే అడిగాడు. "వేటే లేదు కదా సార్, వేలెందుకు కోసుకోవడం?" వాడికి నేను చెప్పిన జవాబు పెద్దదేమీ కాదు. తీగ పెట్టడం ఎంత తేలికో నీకు తెలుసు, ఇది ఎంత కష్టమో కూడా ఒకసారి నీ చేతికి తెలియనియ్యరా అన్నాను. ఇప్పుడు శనివారం సాయంత్రాలు గడ్డి కూరిన గోనెసంచి వేలాడదీసి, ఇరవై అడుగులు వేసి గీత గీసి లాగిస్తున్నాం. చేతికి పది బాణాలు. వేలు వణికితే విల్లు దించేయాలి, ఎన్ని మిగిలినా సరే. ఆడపిల్లలు మగపిల్లల కంటే ముందే దించుతారు, అందుకే వాళ్ళ బాణాలు ఎక్కువ తగులుతున్నాయి.

పిల్లలు ఆ గోనెసంచి మీద బొగ్గుతో పంది బొమ్మ గీశారు. భుజం వెనక ఎక్కడ కొట్టాలో గుండ్రంగా గుర్తు పెట్టమని నన్ను అడిగారు. తోటి టీచరు ఒకాయన, మా కోయ కుటుంబమే, ఒప్పుకోలేదు. "చంపవద్దని చెబుతూ ఎక్కడ కొడితే చస్తుందో చూపిస్తావేం బావా?" అన్నాడు. ఎక్కడ కొట్టకూడదో తెలియాలంటే అదీ తెలియాలి కదా అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. ప్రస్తుతానికి పంది బొమ్మ ఉంది, గుండ్రం గీయలేదు. వచ్చే శనివారం మళ్ళీ మాట్లాడుకుందామనుకున్నాం.