సీసం అక్షరం

రాజాంలో ఒక ఆస్పత్రి. దాని ఎక్స్‌రే గది ముందు బల్లల మీద పొద్దున్నే జనం నిండిపోతారు. సంతకవిటి నుంచి, రేగిడి నుంచి, వంగర నుంచి ఆటోల్లో దిగుతారు. ఆ గదిలో పనిచేసే టెక్నీషియన్ అమ్మాయికి ఒక పద్ధతి ఉంది. గుమ్మం దగ్గర పేరు పెట్టి పిలుస్తుంది. మనిషి లోపలికి వచ్చాక మాత్రం ఆ పేరు తన నోటితో అనదు. "అప్పలనాయుడు నువ్వేనా తాతా?" అంటే ఎవరైనా "ఆఁ" అనేస్తారు. చెవులు సరిగ్గా వినిపించనివాళ్లు, భయంలో ఉన్నవాళ్లు మరీను. అందుకని "నీ పేరేటి తాతా?" అని అడుగుతుంది. ఆ తర్వాత తండ్రి పేరు, ఊరు, ఎక్కడ బాధ, ఎందుకు రమ్మన్నారు. ఒక్కో జవాబునీ చేతిలోని చీటీతో సరిచూసుకున్నాకే మనిషిని స్టాండు ముందు నిలబెడుతుంది.

ఒకరోజు అప్పలనాయుడు అని పిలిచింది. అరవై దాటిన ముసలాయన మనవడి భుజం పట్టుకుని లోపలికొచ్చాడు. పేరు చెప్పాడు. తండ్రి పేరు అడిగేసరికి మనవడికి ఒళ్లు మండింది.

"ఓపీ కాడ సెప్పినాం. డబ్బులు కట్టినకాడ సెప్పినాం. మల్లీ ఇక్కడా? ఎన్నిపాల్లు సెప్పాలమ్మా?"

"ఇంకొక్కపాలి చెప్పు నాన్నా," అంది.

ముసలాయన చెప్పాడు. చీటీలో ఉన్న తండ్రి పేరు అది కాదు. ఊరూ అది కాదు. చీటీలో రెండు వారాలుగా దగ్గు, జ్వరం అని ఉంది. ఈయనకేమో దగ్గు లేదు, హెర్నియా ఆపరేషనుకి మత్తు ఇచ్చేముందు ఛాతీ ఎక్స్‌రే తీయించుకురమ్మన్నారు. ఆమె బయటికి వెళ్లి చూసింది. బల్ల చివర సన్నగా, కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఇంకో అప్పలనాయుడు కూర్చుని ఉన్నాడు. మొదటిసారి పిలిచినప్పుడు దగ్గు తెర వచ్చి ఆయనకు వినిపించలేదు.

చీటీలు సరిచేసి ఇద్దరికీ తీసింది. స్టాండు ముందు నిలబడి, గుండెలు పలకకి ఆనించి, ముసలాయన అడిగాడు: "అమ్మా, ఈ మిషను ఒంట్లో బొమికలు సూత్తాది గదా. పేరు సూడ్నేదా?"

"లేదు తాతా. దానికి బొమికలే తెలుసు. గట్టిగా గాలి పీల్చు. ఆపు. ఆఁ, వదిలేయ్."

ఈలోగా బయట వరస పెరిగింది. ఎవరో వెళ్లి పైన చెప్పారు. ఆస్పత్రి వ్యవహారాలు చూసే పెద్దాయన దిగివచ్చాడు. మంచివాడే. కానీ ఆయన బల్ల మీదికి రోజూ వెళ్లే కాగితంలో ఎన్ని ఫిల్ములు తీశారన్న అంకె ఒక్కటే ఉంటుంది.

"అమ్మా, పేర్లు రాసుకోడానికి కింద గుమాస్తాలున్నారు. నువ్వు బొమ్మ తియ్యి చాలు," అన్నాడు.

ఆమె మారు మాట్లాడలేదు. ఇద్దరు అప్పలనాయుళ్ల ఫిల్ములూ తీసి, పేర్లున్న చోట కాగితం ముక్కలు అంటించి, వెనక దీపం వెలిగే పెట్టె మీద పక్కపక్కన పెట్టింది.

"దీంట్లో హెర్నియా ఆయనది ఏదో చెప్పండి సార్."

ఆయన అటూ ఇటూ చూశాడు. రెండింట్లోనూ పక్కటెముకలు, గుండె నీడ, మెడ ఎముకలు. ఒకదాంట్లో మాత్రం ఊపిరితిత్తి పైభాగాన తెల్లటి మరక. అది ఎవరిదో బొమ్మ మీద రాసి లేదు.

"నాకెలా తెలుస్తుందమ్మా?"

ఆమె ఒక ఫిల్మును తీసి మళ్లీ పెట్టింది. "ఈయన గుండె ఏ పక్కుంది సార్?"

"కుడిపక్కకి ఉన్నట్టుందే!" ఆయన కంగారుపడ్డాడు.

"మూల ఉన్న అక్షరం చదవండి."

చదవబోయాడు. అక్షరం తిరగబడి ఉంది. ఫిల్మును ఆమె కావాలనే తిప్పి పెట్టింది. ఆ అక్షరం ఒక చిన్న సీసం ముక్క. బొమ్మ తీసేటప్పుడు మనిషి కుడి భుజం పక్కన పెడుతుంది. సీసంలోంచి కిరణం పోదు కాబట్టి ఫిల్ము మీద తెల్లగా పడుతుంది.

"ఈ ముక్క పెట్టకపోతే మరక ఏ పక్కదో తెలియదు. ఇందాక ఊరి పేరు అడక్కపోతే, ఈ మరక ఉన్నాయన మందుల్లేకుండా ఇంటికి వెళ్లి, ఒకే గదిలో మనవల పక్కన పడుకుని దగ్గుతుంటాడు సార్. ఏ మరకా లేనాయనకి ఆపరేషను ఆగిపోయేది."

పెద్దాయన కాసేపు ఆ పెట్టె ముందే నిలబడ్డాడు. మర్నాటి నుంచి ఎక్స్‌రే గదికి వచ్చే జాబితాలో పేరు పక్కన తండ్రి పేరు, ఊరు రాయించాడు. రోజూ పైకి వెళ్లే కాగితంలో ఇంకో గడి గీయించాడు: తీయకుండా ఆపి, డాక్టరునో గుమాస్తానో మళ్లీ అడిగినవి ఎన్ని అని.

నీతి

లోపల ఏముందో యంత్రం చూపిస్తుంది. అది ఎవరి లోపలో, ఏ పక్కదో చెప్పాల్సింది మనిషి.

ఈ వృత్తి పుట్టిన రోజుల నుంచీ ఇదే సంగతి. 1895 డిసెంబరు 22న, ఎక్స్‌రేలను కనిపెట్టిన విల్‌హెల్మ్ రాంట్‌జెన్ తన భార్య అన్నా బెర్తా చేతిని తీసిన బొమ్మలో వేళ్ల ఎముకలూ ఉంగరమూ కనిపిస్తాయి. నెల తిరిగేసరికి, 1896 జనవరి 23న, వూర్జ్‌బర్గ్ సభలో శరీర నిర్మాణ శాస్త్రవేత్త కోలికర్ చేతిని తీశాడు. అది అన్నా చెయ్యి అనీ, ఇది కోలికర్ చెయ్యి అనీ ఈనాటికీ మనకు తెలుస్తోందంటే తీసినవాళ్లు రాసిపెట్టారు కాబట్టే.

మన ఉత్తరాంధ్రలో ఈ పని మరింత బరువైనది. సింహాద్రి అప్పన్న పేరో, విజయనగరం పైడితల్లి పేరో పెట్టుకోని ఇల్లు అరుదు. అప్పలనాయుడు, అప్పలరాజు, అప్పలనరసమ్మ, పైడిరాజు, పైడమ్మ, సింహాచలం. భక్తితో పెట్టుకున్న పేర్లు, వాటికి వంక పెట్టడానికి లేదు. ఆస్పత్రి చీటీకి మాత్రం అవి ఒక్కటే చాలవు. వయసు అడిగితే "అరవయ్యో డెబ్బయ్యో రాసుకో బాబూ" అంటారు. ఇక మిగిలేవి తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు. కబురు చేరాల్సిన చేతికి చేరకపోతే ఏమవుతుందో రాజాం వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట కూలుతుంటే బొబ్బిలి సేనాని తాండ్ర పాపారాయుడు ఈ రాజాంలోనే ఉన్నాడు. సాయానికి రమ్మన్న కబురు అతనికి వేళకి అందలేదనే జనం ఇప్పటికీ చెప్పుకుంటారు.

సీసం అక్షరం సంగతికి వస్తాను. చీకటి గదిలో ఎర్రదీపం కింద ఫిల్ము కడిగే రోజులు పోయాయి, డిజిటల్ వచ్చింది. కుడి ఎడమల గుర్తు తర్వాత కంప్యూటరు తెర మీద కూడా పెట్టుకోవచ్చు. నాకు భయం అక్కడే. బొమ్మ తీసేటప్పుడు పెట్టిన సీసం ముక్కకి ఎదురుగా మనిషి ఉన్నాడు. తర్వాత తెర మీద అంటించిన అక్షరానికి టెక్నీషియన్ జ్ఞాపకమే ఆధారం, నలభై మందికి తీశాక జ్ఞాపకం ఎంతవరకు నిలుస్తుంది? పుట్టుకతోనే గుండె కుడివైపున ఉండేవాళ్లు అరుదుగానైనా ఉన్నారు. అలాంటి మనిషి వచ్చినప్పుడు, ఎవరో బొమ్మను తిప్పేశారా, గుండే అటుందా అని తేల్చేది ఆ ముక్కే.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి, అవి పేరు అడిగినంత సులువు కాదు. కొత్తగా పెళ్లయిన అమ్మాయి నడుం నొప్పి అని వస్తుంది, వెంట అత్తగారు. నెల తప్పిందేమో అడక్కుండా పొట్ట మీదుగా కిరణాలు పంపకూడదు. అత్తగారి ముందు అడిగితే ఆ పిల్ల తలదించుకుని "నేదండీ" అంటుంది. అందుకని తెలిసిన టెక్నీషియన్ "రేడియేషన్ ఉంటుందమ్మా, మీరు బయట కూర్చోండి" అని పెద్దావిడని పంపేసి, తలుపు వేసి, గౌను చేతికిస్తూ మెల్లగా అడుగుతుంది. ఈ అడగడంలో ఉన్న నేర్పుకి ఏ పరీక్షలోనూ మార్కులు వేయగా నేను చూడలేదు, వేయాలి.

సీటీకి రంగు మందు ఎక్కించేముందు కిడ్నీల సంగతి అడగాలి, క్రియాటినిన్ రిపోర్టు చూడాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు ఇంటింటా కిడ్నీ జబ్బు మాట వినిపిస్తుంది. దెబ్బతిన్న కిడ్నీ మీద ఆ మందు ఇంకో దెబ్బ కావచ్చు. "మీది ఏ ఊరు?" అన్న ప్రశ్న ఇక్కడ చిరునామా కోసం మాత్రమే కాదు. ఆ వైపు మనిషని తెలిస్తే టెక్నీషియన్ రిపోర్టు తేదీ మరోసారి చూస్తాడు, అనుమానం ఉంటే డాక్టరుకి ఫోను చేస్తాడు.

ఎవరిదో సరిచూసుకునే ఈ పని రోగితో ఆగదు. టెక్నీషియన్ గుండెల దగ్గర, సీసం ఏప్రాన్ లోపల ఒక బ్యాడ్జీ ఉంటుంది, టీఎల్‌డీ అంటారు. మూడు నెలలకోసారి దాన్ని పంపితే ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క వస్తుంది. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. ఒక ఛాతీ ఎక్స్‌రేలో రోగికి తగిలేది సుమారు 0.02 మిల్లీసీవర్టు. తలుపు మూసి, అడ్డు గోడ వెనక నిలబడితే తీసేవాళ్లకి తగిలేది లెక్కలోకి రానంత తక్కువ. అయితే బ్యాడ్జీని డ్రాయరులో పడేసినా, తోటివాడిది పెట్టుకున్నా ఆ అంకె ఎవరిదీ కాదు. ఈ బ్యాడ్జీలూ అడ్డు గోడలూ లేని రోజుల్లో కిరణాలతో పనిచేసి చనిపోయినవాళ్ల పేర్లను 1936లో జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక రాతి మీద చెక్కారు. మొదట చెక్కిన పేర్లు 169. అందులో డాక్టర్లతో పాటు టెక్నీషియన్లూ ఉన్నారు.

ఇంత పని చేసే మనిషికి మనం ఇస్తున్న సమయం ఎంత? చాలా చోట్ల రాత్రి డ్యూటీలో ఒక్కరే. క్యాజువాలిటీలో యాక్సిడెంటు కేసు, వార్డులో కదల్లేని మనిషికి మొబైల్ ఎక్స్‌రే, గది ముందు చంటిపిల్లతో తల్లి. మూడూ ఒకేసారి పడతాయి. ఆ హడావిడిలో మొదట తెగిపోయేవి ప్రశ్నలే, ఎందుకంటే అడగకపోయినా బొమ్మ మాత్రం చక్కగా వస్తుంది. ఆస్పత్రి నడిపేవాళ్లు రాత్రికి రెండో మనిషిని వెయ్యాలి, అది ఖర్చు అని నాకు తెలుసు. వెయ్యలేకపోతే కనీసం కథలో పెద్దాయన గీయించిన ఆ గడి గీయించాలి, అందులో అంకె ఉన్నందుకు మెచ్చుకోవాలి.

మనం చేయగలిగిందీ ఉంది. పేరు మూడోసారి అడిగినప్పుడు కసురుకోకుండా తండ్రి పేరుతో, ఊరితో కలిపి పూర్తిగా చెప్పాలి. ఏ కాలని అడిగితే కుడి, ఎడమ అని నోటితో చెప్పి ఊరుకోకుండా నొప్పి ఉన్న చోట చెయ్యి వేసి చూపించాలి. షుగరు మాత్రలు వాడుతున్నా, కిడ్నీ జబ్బున్నా, నెల తప్పినా వాళ్లు అడిగేదాకా ఆగక్కర్లేదు. ఇంట్లో పాత ఫిల్ములు ఉంటే బీరువా మీద నుంచి దించి తీసుకెళ్లాలి, ఆ మరక కొత్తదా పాతదా అని డాక్టరు పోల్చి చూసుకోవడానికి అవే కావాలి.