పెన్న యెడల వర్తకుని ఋణము

శరణ ధర్మమున వర్తకము నిషిద్ధము కాదు. కల్యాణమున చేరిన శరణులలో పడవ నడుపువారు, నూలు నేయువారు, త్రాళ్లు పేనువారు ఉన్నట్లే క్రయవిక్రయములతో జీవించిన వారును ఉండిరి. బసవేశ్వరుడే బిజ్జలుని భాండాగారమును నిర్వహించినవాడు, లెక్క తెలిసినవాడు. కావున అంగడిలో కూర్చుండుట ధర్మమా యను ప్రశ్న మనకు లేదు. మన ముందున్న ప్రశ్న వేరు. జీవితమంతయు లాభమార్జించు గృహస్థునకు తన యూరి ప్రక్కన పారు ఏటి యెడల ఋణమున్నదా? ఉన్నచో అది దానముచే తీరునా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలోని లింగాయత కుటుంబములలో తరతరములుగా వ్యాపారము చేయువారు గలరు. ఈ విచారము వారికి పరాయిది కాదు.

మొదట నొక సంశయమును తొలగించుకొనవలెను. నదిని దేవతగా కొలిచి, అందు మునిగిన పాపములు పోవునని నమ్ముట శరణుల మార్గము కాదు. ఇష్టలింగము కరతలమున వెలుగుచుండగా తీర్థయాత్రతో పనిలేదని వారు బోధించిరి. అట్లయినచో నదిని మన మేల కాపాడవలెను? అష్టావరణములలో పాదోదకము, ప్రసాదము గలవు. మనకు లభించినది మన సొత్తు కాదు, సమర్పించి స్వీకరింపదగినది అనుటయే ప్రసాదభావము. నీటిని పూజింపక పోవచ్చును. దానిని ప్రసాదముగా స్వీకరించువాడు వ్యర్థపరుపజాలడు, మలినపరుపజాలడు, తన వంతునకు మించి గైకొనజాలడు.

ఇక మన యేటి సంగతి. కర్ణాటకమున నందికొండల చెంత పుట్టిన పెన్న 597 కిలోమీటర్లు ప్రవహించి నెల్లూరు జిల్లాలో సముద్రమున కలియుచున్నది. చిత్రావతి, కుందు, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరు దానికి ఉపనదులు. గండికోట వద్ద కొండను చీల్చుకొని, జమ్మలమడుగును దాటి ప్రొద్దుటూరు చెంతకు వచ్చును. నేడు గండికోట జలాశయమున 26.85 టీఎంసీల నీరు నిలుపు సామర్థ్యమున్నది. పులివెందుల తోటలకు చిత్రావతి జలాశయపు నీరు ఆధారము. అయినను పెన్న స్వభావము మారలేదు. ఏడాదిలో పెక్కు నెలలు ఇసుకయే కనిపించును. వరద వచ్చిన నాడు గట్లు తెగును. 2021 నవంబరు 19న చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి, క్రింది గ్రామములలో పలువురు ప్రాణములు కోల్పోయిరి.

ఎండిన యేటిలో నీరు లేదనుకొనుట పొరపాటు. ఆ నీరు ఇసుకలో దాగియున్నది. మన పెద్దలు చెలమలు తీసి కడవలు నింపుకొనిన దందుచేతనే. వరద నీటిని ఇసుక పట్టి యుంచి, మెల్లమెల్లగా ఇరుగట్ల బావులకు అందించును. ఆ యిసుకను అడుగు వరకు తోడివేసినచో వచ్చిన వరద నిలువక సాగిపోవును, బావులలో మట్టము తగ్గును, వంతెనల పునాదులు బయటపడును. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము భూగర్భజలమును, ఇసుక త్రవ్వకమును అదుపు చేయుటకే వచ్చినది. చట్టము కాగితమున నున్నంత మాత్రమున ఏరు నిండదు.

వర్తకమునకు, నదికి గల సంబంధము మన ప్రాంతమునకు క్రొత్త గాదు. తుంగభద్రపై సుంకేసుల నుండి కడప వరకు గల కాలువను 1863 మొదలుకొని త్రవ్వించినది లాభాపేక్షతో నేర్పడిన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ. ఆశించిన లాభము రాలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసి వచ్చెను. కంపెనీ పోయినది, కాలువ మిగిలినది, దాని క్రింది పొలములు నేటికిని పండుచున్నవి. లాభము కొరకు చేసిన పని కూడ లోకోపకారము కావచ్చును. కాని లాభమే బంధమైనచో, లాభము తీరిన నాడు ఆ బంధమును తీరును.

దీనికి భిన్నమైన ఉదాహరణము అమెరికాలో గలదు. పాటగోనియా యను దుస్తుల సంస్థను స్థాపించిన ఇవాన్ షునార్డ్ 1970ల తొలినాళ్లలో తన యూరి వెంచురా నదిని కాపాడ బూనిన యొక యువకునకు కార్యాలయమున చోటిచ్చెను. అది మొదలు నదుల రక్షణతో ఆయన బంధము తెగలేదు. 2022లో సంస్థ యాజమాన్యమునే ప్రకృతి రక్షణకై ధారపోసెను. ఇది దాసోహమునకు దగ్గరగా నున్నది. అయినను శరణులు ఇంకొక మెట్టు పైకి చూచిరి. ఇచ్చినదెంత యని గాక, తీసికొనినదెంత యని వారడిగిరి.

ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుచుండెను. అదియే ఆయన కాయకము. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చెను. భార్య లక్కమ్మ వాటిని చూచి సంతసింపలేదు; మిగులు బియ్యమును తెచ్చిన చోటనే పోసి రమ్మనెను. బసవని ముంగిట బియ్యమునకు కొరత లేదు. మారయ్య దొంగిలించినదియు లేదు. అయినను అవసరమును మించిన క్షణమున అది కాయకము గాక ఆశ యయ్యెనని ఆమె గ్రహించెను.

“నేను మానినంత మాత్రమున ఏరు నిలుచునా? నేను తోడకున్న ఇంకొకడు తోడును గదా” యని నేడు వర్తకులనేకులు పలుకుదురు. లక్కమ్మ వద్ద దీనికి సమాధానమున్నది. బసవని ధాన్యరాశి తరుగునని ఆమె వెనుకకు పంపలేదు. తన యింటి కాయకము చెడునని పంపినది. ఇంకొకని ఆశ మన ఆశకు అనుమతిపత్రము కాదు. పైగా ఊరిలో పదిమంది వర్తకులు దొంగ ఇసుక కొనమని నిలిచినచో, దానిని తోడువానికి బేరము తగ్గును. ఇది ధర్మమే గాక అంగడి లెక్కయు నగును.

ఇందు మరియొక ప్రమాదము గలదు. సొన్నలిగె సిద్ధరామేశ్వరుడు ప్రజల కొరకు గొప్ప చెరువు త్రవ్వించెను. అల్లమప్రభువు అచటికి వచ్చి ఆయనను నిలదీసెను. చెరువు తప్పని కాదు, “నేను చేయించితిని” అను భావము తప్పని ఆ నిలదీత సారము. పిదప సిద్ధరాముడు కల్యాణమునకు పోయి శరణుల సంగమున చేరెను. చెరువు మాత్రము ప్రజలదిగానే నిలిచినది. ఏటి గట్టున నాలుగు మొక్కలు నాటి, శిలాఫలకముపై పేరు చెక్కించుకొనువారు ఈ వృత్తాంతమును స్మరింపవలెను.

కావున నదీఋణము దానముచే తీరునది కాదు. దినదినము అంగడిలోనే తీర్చవలసినది. ఇల్లు కట్టువాడు ఇసుక యెచటిదో అడిగి కొనవలెను. దుకాణపు చెత్త ఏటి వాగులోనికి పోకుండ చూడవలెను. తోటగల వాడు బోరుపై బోరు వేయుటకు ముందు, పొరుగువాని బావిని తలచుకొనవలెను. మఠములకును ఇందు బాధ్యత గలదు. దాసోహమునకు వచ్చు ధనము ఏ కాయకము నుండి వచ్చినదని అడుగుట శరణ సంప్రదాయమే. ఏటిని గుల్లచేసి యార్జించిన ధనముతో వండిన అన్నము ఎంతమందికి పెట్టినను, అది లక్కమ్మ వెనుకకు పంపిన బియ్యమే. ఆ మాట దాతతో చెప్పుట కష్టము. అయినను గురుస్థానము చెప్పక మరెవరు చెప్పుదురు?

జంగమ మనగా చలించునది. పెన్నయు చలించునదే. దాని నడక ఆగకుండ చూచుకొనుట మన యింటి కాయకములో భాగము కావలెను.

శరణు శరణార్థి.