కొత్త డైరీ – పంచకాలములు

ఆంగ్ల సంవత్సరాది ధనుర్మాస మధ్యమున వచ్చును. వేకువన తిరుప్పావై గోష్ఠి ముగిసి, పొంగలి ప్రసాదము స్వీకరించి ఇల్లు చేరిన గృహస్థుని చేతికి ఆ దినములలోనే కొత్త డైరీ వచ్చుచుండును. తిరుమల తిరుపతి దేవస్థానములు ఏటేట ప్రచురించు డైరీని కన్నుల కద్దుకొని, తొలిపుటలో ‘శ్రీః’ అని వ్రాసికొను కుటుంబములు నెల్లూరు సీమలో అనేకము. కాని మాఘమాసము వచ్చునప్పటికి ఆ పుస్తకము పాలలెక్కకో, చాకలి పద్దుకో మిగిలిపోవుట కూడ అనేక గృహములలో కనబడును.

కాలము తన స్వరూపమే యని గీతాచార్యుడు అర్జునునకు తెలిపినాడు. అట్టి కాలమును వ్రాసికొను పుస్తకము కేవలము జ్ఞాపకములపట్టిక కాదు. అది దినదినము ఎవరిదో నిర్ణయించుకొను స్థలము.

దినమును విభజించు పద్ధతి మనకు కొత్తది కాదు. పాంచరాత్రాగమము వైష్ణవుని దినమును ఐదు కాలములుగా ఏర్పరచినది. వేదాంతదేశికులు ‘శ్రీపాంచరాత్రరక్ష’లో దీనిని విపులముగా నిరూపించినారు. ప్రాతఃకాలమున భగవంతుని సన్నిధికి చేరి, ఆ దినకృత్యములు నెరవేర్చుమని ప్రార్థించుట అభిగమనము. ఆరాధనకు వలసిన ద్రవ్యములను సమకూర్చుకొనుట ఉపాదానము. ఆరాధించుట ఇజ్య. సద్గ్రంథములను పఠించుట, వినుట స్వాధ్యాయము. రాత్రి భగవంతుని ధ్యానించుచు విశ్రమించుట యోగము.

డైరీలోని ప్రతి పుటను ఈ ఐదు భాగములుగా గీచుకొన్నచో చాలును. ఇందు ఉపాదానమను మాట విశేషముగా ఆలోచింపదగినది. పెన్న కాలువల క్రింద వరి పండించు రైతు పొలమునకు పోవుట, కృష్ణపట్నము రేవులో ఉద్యోగి తన పని చేయుట, మైపాడు తీరమున జాలరి వల వేయుట – న్యాయముగా చేసినచో ఇవన్నియు ఉపాదానమే. సంపాదన తనకొరకు కాదు, స్వామి కైంకర్యమునకు, స్వామి అప్పగించిన కుటుంబ పోషణకు అని తలచినచో ఆఫీసు పని వ్రాసిన పంక్తికిని, పూజ వ్రాసిన పంక్తికిని విరోధ ముండదు. ఆ తలంపు లేనినాడు ఉపాదానమే పుట యంతయు ఆక్రమించును. మిగిలిన నాలుగింటికి చోటుండదు.

డైరీని ఎన్నుకొనునప్పుడు అట్ట అందము కన్న రెండు సంగతులు చూడవలెను. దినమునకొక పుట ఉన్నదా? తిథి నక్షత్రములు ముద్రించినారా? లేనిచో పంచాంగము ప్రక్కన ఉంచుకొని ఏకాదశులు, ఆచార్యుల తిరునక్షత్రములు, పితరుల తిథులు ముందుగా గుర్తించవలెను. తరువాతనే ఇతర కార్యములు వ్రాయవలెను. జనవరి పుటతోనే మన సంవత్సరము మారదు. 2026లో ఉగాది మార్చి 19న వచ్చినది. ఆ ఏడు మే 17 నుండి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠము. ఇట్టివి చూడక వ్రాసిన పట్టిక తడబడును.

ఒక దృష్టాంతము. వృద్ధురాలైన తల్లి నెల్లూరు రంగనాయకుల సన్నిధిలో ఉత్తరద్వార దర్శనము కోరినది. 2023 డిసెంబరు 23న వైకుంఠ ఏకాదశి. కుమారునికి ఆనాడు వేరొక పని పడినది. “వచ్చే ఏడు తప్పక తీసుకొని పోదునమ్మా” అన్నాడనుకొందము. 2024 డైరీలో 366 దినములున్నవి. వైకుంఠ ఏకాదశి మాత్రము ఒక్కటియు లేదు! చాంద్రమాన తిథి ఏటేట సుమారు 11 దినములు ముందునకు జరుగును. ఆ ఏడు డిసెంబరు 11న వచ్చిన శుద్ధ ఏకాదశి నాటికి ధనుర్మాసము ఆరంభము కాలేదు. కనుక ఆ పర్వము 2025 జనవరి 10న వచ్చినది. అప్పటికి ఆ తల్లి మంచము దిగలేకున్నచో, కుమారుని డైరీలో ఏ పుట ఆ దినమును తిరిగి ఇయ్యగలదు? అతడు చేసిన దోషము పని చేయుట కాదు. తల్లి కోరికను ఏ పుటలోను వ్రాయకుండుట.

అయినను వ్రాసినదెల్ల జరుగునని భ్రమింపరాదు. ఈశాన్య ఋతుపవనముల కాలమున వాయుగుండము పట్టినచో ఈ తీరమున ఎవరి పట్టికయు నిలువదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు ఊళ్ళకు ఊళ్ళు ఆ సంగతి ఎరిగినవి. ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు మరపడవలు వేటకు పోరాదు. మత్స్యముల సంతతి పెరుగుటకై ఏర్పరచిన విరామమది. సముద్రమునకే విరామము వలసినప్పుడు మనుష్యుని పుటలో కొంత ఖాళీ ఉండుట లోపము కాదు. అనుకోని అతిథికి, రోగికి, ఆపన్నునికి ఆ ఖాళీయే ఆసనము.

శ్రీవైష్ణవులు కర్మారంభమునను, అంతమునను సాత్త్విక త్యాగము చేయుదురు. నేను చేయుచున్నానను కర్తృత్వమును, ఇది నాదను మమతను, దీని ఫలము నాకను ఆశను స్వామికి విడుతురు. రాత్రి డైరీ మూయునప్పుడు చేయవలసినదియు ఇదియే. నెరవేరినదానికి గర్వింపక, తప్పినదానిని దాచక, రేపటి పుటలో తిరిగి వ్రాసికొని, తక్కినది శ్రీరంగనాథుని పాదములకడ నుంచి నిద్రింపవలెను. అట్లు వ్రాసిన డైరీ ఏడాది చివర పాతకాగితము కాదు. అది స్వామికి సమర్పించిన లెక్క.