పాక్, నాపాక్, మా యింటి బీగిల్

ముస్లిం యింట్లో కుక్క వుండొచ్చా అనే ప్రశ్న పైకి చాలా చిన్నది. తలాక్, బురఖా, 1992 డిసెంబరు, 2002 గుజరాత్ లాంటి పెద్ద విషయాల మధ్య దీనికి చోటెక్కడిదని ఎవరైనా అడగొచ్చు. కానీ మనిషి గుర్తింపు పెద్ద విషయాల దగ్గరే తేలదు. ఏం తింటున్నాం, ఏం తాకుతున్నాం, గడప లోపలికి ఎవర్ని రానిస్తున్నాం అనే రోజువారీ సంగతుల దగ్గరే అది మనల్ని ఎక్కువగా నిలదీస్తుంది.

మా యింట్లో ఆరేళ్లుగా వొక బీగిల్ కుక్క వుంది. బదిలీ మీద వెళ్లిపోతున్న వొక కుటుంబం దాన్ని ఎక్కడో వదిలేయాలనుకుంటే మా అమ్మాయి తెచ్చుకుంది. అప్పట్నుంచి నాకు రెండు ప్రశ్నలు ఎదురవుతున్నాయి. వొకటి మావాళ్ల నుంచి. రెండోది మావాళ్లు కానివాళ్ల నుంచి. మొదటిదానికి జవాబు వెతకడం తేలికే. రెండోదే కష్టం.

మొదటి ప్రశ్న మసీదు దగ్గర వొక పెద్దాయన అడిగాడు. "ఏం బేటా, నమాజు చదివే యిల్లు గదా, కుక్కేంది? ఫరిష్తాలు వస్తరా ఆ గడపల?" కోపంతో అడగలేదు. నిజంగా బాధపడే అడిగాడు. ఆ బాధ వెనక హదీసు వుంది. కుక్కగానీ బొమ్మగానీ వున్న యింట్లోకి దైవదూతలు రారని చెప్పే హదీసు. అక్కరలేకుండా కుక్కను పెంచేవాడి పుణ్యంలోంచి రోజూ కొంత తరిగిపోతుందని యింకొకటి. కుక్క మూతిపెట్టిన గిన్నెను ఏడుసార్లు కడగాలని, అందులో వొకసారి మట్టితో తోమాలని మరొకటి. ఇవన్నీ వున్నాయి. లేవని బుకాయించడం నాకిష్టం లేదు.

అయితే ఆ మాటల పక్కనే వేరే మాటలూ వున్నాయి. పుణ్యం తరుగుతుందన్న హదీసులోనే వేటకుక్కకు, మందను కాచే కుక్కకు, పొలం కాపలా కుక్కకు మినహాయింపు వుంది. ఖురాన్‌లోని మాయిదా సూరా నాలుగో ఆయతు నేర్పిన వేటజంతువులు పట్టి తెచ్చింది హలాల్ అంటుంది. ఆ జంతువులకు శిక్షణ యిచ్చేవాళ్ల కోసం అక్కడ వాడిన అరబీ మాటే కుక్క అనే మాటలోంచి పుట్టింది. అదీ బిన్ హాతిం అనే సహాబీ అడిగితే ప్రవక్త చెప్పిన వివరం యింకా ఆసక్తిగా వుంటుంది. కుక్క తాను పట్టినదాన్ని తినకుండా తెస్తే అది యజమాని కోసం పట్టినట్టు, మీరు తినొచ్చు. తాను తినేస్తే తన కోసం పట్టుకున్నట్టు, మీరు తినొద్దు. అంటే కుక్క ఏ వుద్దేశంతో పట్టిందన్నదాని మీద మనిషి అన్నం ఆధారపడి వుంది. నమాజులో నియ్యత్ గురించి అంత పట్టింపు వున్న మతం కుక్క నియ్యత్‌ను కూడా లెక్కలోకి తీసుకుంది.

కహఫ్ సూరాలో గుహలో నిద్రపోయిన యువకుల కథ వుంది. వాళ్లతో వొక కుక్క వుంది. గడప దగ్గర ముందుకాళ్లు చాచి పడుకుని వుంటుంది. ఆ యువకులు ఎంతమంది అన్న వాదన వచ్చినప్పుడు, ముగ్గురైతే నాలుగోది కుక్క, అయిదుగురైతే ఆరోది కుక్క, ఏడుగురైతే ఎనిమిదోది కుక్క అంటూ ప్రతిసారీ దాన్ని కలిపే లెక్క చెబుతారు. మన పెద్దలు దాన్ని ఖిత్మీర్ అని పేరుపెట్టి పిలుచుకుంటారు. దప్పికతో నాలుక వేలాడేసి మట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, జోడులో నీళ్లు నింపి తాగించినవాడి పాపాలన్నీ మాఫ్ అయిన హదీసు తెలియని ముస్లిం పిల్లలుండరు.

మరి నాపాక్ సంగతి? అక్కడ కూడా మజ్‌హబ్‌లన్నీ వొక్కమాట మీద లేవు. షాఫయీలకు కుక్క వొళ్లంతా నాపాక్. హనఫీలకు దాని చొంగ నాపాక్, పొడి వొంటికి గుడ్డ తగిలితే గుడ్డ చెడదు. మాలికీలకు బతికున్న కుక్క పాకే. గిన్నె కడగమన్నారు గనుక కడుగుతాం, అంతే అంటారు వాళ్లు. మన తెలుగునాట ముస్లింలలో ఎక్కువమంది హనఫీలు. హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన హద్రమీ అరబ్బులు షాఫయీలు. వెయ్యేళ్లకు పైగా యింత తేడాను వొకే వుమ్మత్ భరించగలిగింది. యివాళ వొక వీధి దాన్ని భరించలేకపోతోందంటే లోపం ఇస్లాంలో లేదు. మన చదువు తగ్గింది.

యింకోమాట. ఆ హదీసులో కుక్కతో పాటు బొమ్మ కూడా వుంది. ఫొటోలు లేని ముస్లిం యిల్లు యివాళ ఎక్కడుంది? హజ్‌కు పోవాలన్నా పాస్‌పోర్టు మీద ఫొటో కావాలి. అవసరాన్ని బట్టి వొకదాని అర్థాన్ని విస్తరించుకున్నవాళ్లం రెండోదాని దగ్గర ఎందుకు ఆగిపోయాం? పాపభయమే కారణమైతే రెండింటి దగ్గరా ఆగాలి గదా. కుక్క దగ్గర మాత్రమే ఆగామంటే అక్కడ పనిచేస్తున్నది పాపభయం కాదు, అలవాటు. అలవాటును దీన్ అనుకోవడం మనకు కొత్తేం కాదు.

దీంట్లో వర్గం సంగతి కూడా వుంది. రాంపూర్ నవాబులు అఫ్ఘన్ తాజీ కుక్కను ఇంగ్లండ్ గ్రేహౌండ్‌తో కలిపి రాంపూర్ హౌండ్ అనే జాతినే పుట్టించారు. 2005లో దాని బొమ్మతో తపాలా బిళ్ల కూడా వచ్చింది. జునాగఢ్ నవాబు వందల కుక్కల్ని పెంచాడు, 1947లో దేశం విడిచిపోతూ కుక్కల్ని కూడా తీసుకుపోయాడు. అరబ్బు బెదూయిన్లు సలూకీ వేటకుక్కను డేరా లోపల పడుకోనిస్తారు. వీళ్లలో ఎవర్నీ ఫరిష్తాల గురించి ఎవరూ నిలదీసినట్టు లేదు. ఫత్వాల బరువు ఎప్పుడూ రెండుగదుల యింటివాడి మీదే పడుతుంది. అట్లాగని బస్తీలో కుక్కంటే భయపడే తల్లిని నేను వెక్కిరించను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ భయానికి మతంతో పనిలేదు. చెత్త ఎత్తని వీధిలో బతికేవాళ్లందరిదీ ఆ భయం.

యిక అక్కర అన్న మాట. వేటకుక్కకు అనుమతి వుంది నిజమే, మేం వేటాడుతున్నామా? లేదు. బీగిల్ ఇంగ్లండులో కుందేళ్ల వేట కోసం తయారైన కుక్క. పొట్టిది, పదికిలోల బరువు, వేలాడే చెవులు, నేలకు ఆనించిన ముక్కు. వాసన పట్టిందంటే పిలుపు వినపడదు. ఇంగ్లండులోనే 2004 చట్టంతో కుక్కలతో కుందేళ్లను వేటాడించడం నేరమైంది. వేట పోయింది, వేటకుక్క మిగిలింది. దాన్ని యింట్లో పెట్టుకోవడం అక్కరా, షోకా?

షోకుకు తెచ్చుకున్నవాళ్ల సంగతి నేను చూశాను. పిల్లగా వున్నప్పుడు ముద్దు. ఏడాది తిరిగేసరికి చెప్పులు కొరుకుతుంది, వొంటరిగా వదిలితే వీధి అదిరేట్టు వూళపెడుతుంది. గుంపులో వేటాడిన జాతి, వొంటరితనం దానికి సరిపడదు. పొద్దునా సాయంత్రం వదలకుండా నడిపించాలి, అదీ తాడు కట్టి. తిండి ఎంత పెట్టినా వద్దనదు గనుక మనమే కొలిచి పెట్టాలి, లేకపోతే కొవ్వుపట్టి కీళ్లు పోతాయి. వేలాడే చెవుల్లో తేమ నిలిచి చీము పడుతుంది, వారానికోసారి తుడవాలి. రేబిస్ టీకా ఏడాదికోసారి తప్పదు. యింత చాకిరీ పన్నెండేళ్లో పదిహేనేళ్లో చేయాలి. మన ఎండాకాలంలో మధ్యాహ్నం రోడ్డుమీద దాని పాదాలు కాలతాయి, ఫజర్ తర్వాతే నడిపించాలి. మా అమ్మాయి ఫజర్‌కు లేవడం అట్లా అలవాటైంది.

మా అమ్మీ దాని గిన్నె వేరుపెట్టింది. నమాజు గది గడప దాటనివ్వదు. జానిమాజ్, నమాజు గుడ్డలు ఎత్తులో పెడుతుంది. కానీ దానికి అన్నం పెట్టకుండా తాను తినదు. "మూగజీవం ఆకలిగుంటే మన నమాజు యాడికి పోతది" అంటుంది. హద్దు పాటించడం, దయ చూపడం రెండూ వొక్క చేతితోనే జరుగుతున్నాయి మా యింట్లో. అక్కర అన్నదానికి నా అర్థం కూడా అక్కడే దొరికింది. దిక్కులేకుండా పోబోయిన ప్రాణానికి మా అక్కర వుంది. అక్కర ఎప్పుడూ మనిషివైపు నుంచే వుండాలని ఎక్కడుంది?

రెండో ప్రశ్న నిజానికి ప్రశ్నలా రాలేదు, మెచ్చుకోలుగా వచ్చింది. నాతో పనిచేసే వొక మిత్రుడు యింటికొచ్చి కుక్కను చూసి సంతోషపడ్డాడు. "మీరు చాలా డిఫరెంటండీ. మీవాళ్లు కుక్కను చూస్తేనే ఆమడదూరం జరుగుతారు గదా. అందరూ మీలాగా మారితే ఈ గొడవలే వుండవు" అన్నాడు. మంచివాడే, మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. పెద్దాయన ప్రశ్న నన్ను మావాళ్లలోంచి బయటికి నెట్టలేదు. మావాడినేనన్న హక్కుతో అడిగాడాయన. ఈ మెచ్చుకోలు మాత్రం నన్ను మావాళ్ల నుంచి విడదీసి, వీపు తట్టి, వొక సర్టిఫికెట్ చేతిలో పెట్టింది. క్రికెట్ మ్యాచ్‌లో చప్పట్లు కొడితే వొక సర్టిఫికెట్, బిర్యానీ పంచితే వొకటి, యిప్పుడు కుక్కను పెంచితే వొకటి. యిట్లా ఎన్ని పోగేసుకుంటే మేం మామూలు మనుషులమవుతాం?

మా కుక్క మా సెక్యులరిజానికి సాక్ష్యం కాదు. నేను దాన్ని ముస్లింగానే పెంచుతున్నాను. జీవానికి దాహం తీరిస్తే పుణ్యమని నాకు నేర్పింది నా మతమే. మా పక్కింటాయన కుక్కను తాకడు, రోజూ సందు చివర పిల్లులకు పాలు పోస్తాడు. ఆయన నాకన్నా తక్కువ మనిషి కాదు.

యింకో తేడా కూడా సెక్యులర్ మిత్రులు గమనించాలి. మా నాపాక్ కడిగితే పోతుంది. మూడుసార్లో ఏడుసార్లో కడగమన్నారు, కడిగాక గిన్నె మళ్లీ గిన్నే. ఈ దేశంలో కడిగినా పోని అంటు వుంది, అది మనుషులకే పెట్టారు. కుక్కను సోఫా మీద కూర్చోబెట్టుకుని పనిమనిషికి వేరే గ్లాసు పెట్టే యిళ్లు నేను చూశాను. పెంపుడు జంతువులుంటే ఫర్వాలేదు, ముస్లింలైతే యివ్వం అన్న యింటివాళ్లనూ చూశాను. కుక్క విషయంలో మమ్మల్ని వెనకబడ్డవాళ్లన్నవాళ్లు ఆ సంగతి ముందు చెప్పాలి. మాలోనూ దూదేకులవాళ్లను తక్కువచేసే అష్రాఫులున్నారు. ఆ మాట మాలో మేమే చెప్పుకోవాలి.

బీగిల్ గురించి తెలుసుకుంటుంటే నన్ను కలవరపెట్టిన విషయం వొకటుంది. ప్రపంచమంతటా మందుల ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే కుక్కజాతి ఇదే. కారణం దాని గుణమే. చిన్నది, సౌమ్యమైంది, బాధపెట్టినా తిరగబడదు, మళ్లీ మనిషి చేతినే నమ్ముతుంది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ప్రయోగాల కోసం పెంచే వొక కేంద్రం నుంచి 2022లో దాదాపు 4000 బీగిళ్లను విడిపించి యిళ్లకు పంచారు. మంచితనమే శిక్షకు కారణమయ్యే చోటు లోకంలో వుందన్నమాట. అణిగివుంటే మంచివాళ్లంటారు, మంచివాళ్లు గనుక యింకాస్త భరించమంటారు. ఈ లెక్క మనకూ కొత్త కాదు. అందుకే మంచి ముస్లిం అన్న బిరుదు వింటే నాకు సంతోషం కన్నా భయమే ఎక్కువ.

కుక్కను పెంచమని నేనెవరికీ చెప్పను. యిరుకు యిల్లు, నడిపించే తీరిక లేకపోవడం, చిన్నపిల్లల భయం, మతనిష్ఠ, వీటిలో ఏదైనా పెంచకపోవడానికి సరైన కారణమే. పెంచేవాళ్లు మాత్రం పదిహేనేళ్ల చాకిరీకి సిద్ధపడి పెంచాలి. నమాజు చదివేవాళ్లు తమ మజ్‌హబ్ ప్రకారం హద్దులు పాటించుకోవచ్చు, ఎవరికీ అభ్యంతరం వుండనక్కర్లేదు. మావాళ్లు నన్ను అడగొచ్చు, వాదించొచ్చు, నేను జవాబు చెబుతాను. బయటివాళ్లు మాత్రం మా గడప దగ్గర పడుకున్న కుక్కను చూసి మా యింటి ఇస్లాం ఎంత అని కొలవొద్దు.